నాలుగక్షరముల నామకరణము

1897 ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ అను సైనిక వైద్యుడు ఒక దోమను కోసి, దాని కడుపు గోడలో మలేరియా క్రిమి పెరుగుచుండుటను చూచెను. అంతకుముందు రెండు సంవత్సరములుగా ఆయన కోసిన దోమలకు లెక్కలేదు. బూడిదరంగు దోమలను కోసెను, చారల దోమలను కోసెను. మనుష్యుల మలేరియా క్రిమి వానిలో పెరుగలేదు. లోపము పరిశ్రమలో లేదు, దోమలో ఉన్నది. మచ్చల రెక్కల దోమ చేత చిక్కిన తరువాతనే పని ఫలించెను. ఈ మూడు రకములకు శాస్త్రీయ నామము లేమిటో కూడ అప్పటికి ఆయనకు తెలియదు. కంటికి కనబడిన రంగులను బట్టి తానే పేర్లు పెట్టుకొని పని సాగించెను. కీటకములను గుర్తించుట మ్యూజియములలోని వారి కాలక్షేపము కాదనుటకు ఇంతకన్న దగ్గరి నిదర్శనము తెలుగువారికి దొరకదు.

రాస్ పడిన చిక్కు తరువాతి కాలమున తగ్గలేదు, పెరిగినది. లిన్నేయస్ 1758లో జంతువులకు రెండు మాటల పేర్లు పెట్టుట స్థిరపరచిన నాటి నుండి నేటివరకు పేరు పొందిన కీటక జాతులు సుమారు పది లక్షలు. పేరు లేనివి అంతకు కొన్ని రెట్లు. మొత్తము యాబదియైదు లక్షల వరకు ఉండునని ఒక అంచనా. ఒక్కొక్క దానిని సూక్ష్మదర్శిని క్రింద నుంచి, రెక్కల ఈనెలను, స్పర్శశృంగములను, జననాంగములను వర్ణించి, పాత నమూనాలతో సరిచూచి పేరు పెట్టగల పండితులు కొలదిమంది. అడవులు వారి కొరకు ఆగుట లేదు. ఈ తొందరలో నుండి పుట్టినదే డి.ఎన్.ఏ. బార్‌కోడ్ పద్ధతి. కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయమునకు చెందిన పాల్ హెబర్ట్, ఆయన సహచరులు దీనిని 2003లో ప్రతిపాదించిరి. దుకాణములో సబ్బుబిళ్ళ మీది నల్లగీతలను యంత్రము చదివి సరుకు పేరు, వెల చెప్పును గదా. కీటకము శరీరములోనే అట్టి గీతలున్నవని వారి భావము.

చేయు విధానము కష్టమైనది కాదు. కీటకము కాలు ఒకటి తుంచిన చాలును. అందలి కణములలో మైటోకాండ్రియా లుండును. వానికి స్వంతమైన డి.ఎన్.ఏ. కలదు. అందులో సైటోక్రోమ్ ఆక్సిడేజ్ అను ఎంజైము మొదటి భాగమును నిర్మించు జన్యువొకటి ఉన్నది. శ్వాసక్రియకు అది లేక జరుగదు కనుక దోమలోను, మిడతలోను, మనుష్యునిలోను ఉండును. అయినను జాతి జాతికి దాని అక్షరములు కొంచెము మారుచుండును. ఆ జన్యువులో 658 అక్షరముల తునకను ఎంచుకొని, ప్రయోగశాలలో కోట్ల కొలది ప్రతులు చేసి, వరుసను చదువుదురు. అక్షరములు నాలుగే: ఎ, సి, జి, టి. చదివిన వరుసను బోల్డ్ అను పేరుగల ప్రపంచ భాండాగారములోని వరుసలతో పోల్చుదురు. గ్రుడ్డు, గొంగళిపురుగు, ప్యూపా, ప్రౌఢకీటకము ఒకదానితో నొకటి పోలిక లేకున్నను అన్నిటియందును వరుస ఒక్కటే. రెక్క ఊడిన దోమనైనను, పక్షి కడుపులో సగము అరిగిన పురుగునైనను ఈ విధముగ గుర్తింపవచ్చును. పాత పద్ధతికి ఇది సాధ్యము కాని పని.

ఇక్కడ రెండు పనులను వేరుచేసి చూడవలెను. ఇదివరకే పేరున్న జాతిని మరల గుర్తుపట్టుట ఒక పని. ఇదివరకు లేని జాతి ఒకటి ఉన్నదని స్థాపించి దానికి పేరు పెట్టుట మరియొక పని. బడిలో హాజరుపట్టీ చదువు ఉపాధ్యాయునికి పిల్లవాని నంబరు చాలును. పిల్లవానిని క్రొత్తగా బడిలో చేర్చుకొనునప్పుడు నంబరుతో సరిపోదు. తండ్రి పేరు, ఊరు, పుట్టిన తేది, పుట్టుమచ్చలు కూడ వ్రాసికొందురు. బార్‌కోడ్ మొదటి పనికి మిక్కిలి చక్కని సాధనము. 2007లో భారతదేశపు దోమలలో 63 జాతులను ఈ పద్ధతిచే పరీక్షించినపుడు 62గా వేరుపడినవి. దగ్గరి చుట్టములైన రెండు జాతులు మాత్రము ఒక్కటిగా నిలిచినవి. ఆ రెండును వేరని ముందే తెలిసియుండుట చేతనే పద్ధతి ఎక్కడ తప్పినదో తెలిసినది. ముందు తెలియని చోట తప్పును ఎవరు చూపగలరు?

మధ్య అమెరికాలోని కోస్టారీకా దేశములో ఈ ప్రశ్న రెండుసార్లు తలెత్తినది. అక్కడ గ్వానకాస్టె అను అభయారణ్యములో డేనియల్ జాన్జెన్, విన్నీ హాల్వాక్స్ దంపతులు స్థానికులైన శిక్షితుల సాయముతో అనేక సంవత్సరములుగా గొంగళిపురుగులను ఏరి, ఏ చెట్టు ఆకు తినునో వ్రాసి, పెంచి, వాని నుండి వెలువడు సీతాకోకచిలుకలను, కందిరీగలను భద్రపరచుచున్నారు. 1775లోనే పేరు పొందిన ఆస్ట్రాప్టెస్ ఫుల్గెరేటర్ అను సీతాకోకచిలుక నిజమునకు ఒక్క జాతి కాదనియు, ఆ ప్రాంతముననే కనీసము పది జాతుల సమూహమనియు వారును, హెబర్ట్ మొదలగువారును 2004లో ప్రకటించిరి. ప్రౌఢముల రూపములో భేదము స్వల్పము. కాని గొంగళిపురుగులు చాలవరకు వేరు, అవి తిను చెట్లు వేరు. ఇరువది యైదేండ్ల పరిశీలన ఆ బార్‌కోడ్ల వెనుక నిలిచియున్నది. అంతటి పనిని కూడ ఆండ్రూ బ్రోవర్ 2006లో మరల లెక్కించి, సాక్ష్యము బలపరచునవి మూడింటికి తక్కువ కాక, ఏడింటికి మించక ఉండునని వాదించెను. పది సరియా, ఏడు సరియా అన్నది ప్రధానము కాదు. అదే అక్షరముల నుండి ఇరువురు నిపుణులకు వేర్వేరు లెక్కలు వచ్చినవి.

రెండవసారి తలెత్తిన ప్రశ్న ఇంకను పెద్దది. 2021లో మైకేల్ షార్కీయు, ఆయన సహచరులును జూకీస్ అను పత్రికలో 665 పుటల గ్రంథమొకటి వెలువరించిరి. విషయము కోస్టారీకాలోని బ్రాకోనిడే కుటుంబపు కందిరీగలు. ఇవి సాధారణముగ సజీవమైన గొంగళిపురుగులలో గాని, మరియొక కీటకములో గాని గ్రుడ్లు పెట్టును. పిల్లలు దానిని తిని పెరుగును. పైరును తిను పురుగులను అదుపులో నుంచు సేనలలో ఇదియొకటి. గ్రంథములో 416 జాతులు వర్ణితములు; అందు 13 తప్ప తక్కినవన్నియు, అనగా 403, క్రొత్తవి. ఒక్క గ్రంథముతో నాలుగువందల పేర్లు! చేతి పనిగా చేసినచో ఒక పండితుని జీవితము సరిపోదు.

ఈ వేగము ఎట్లు వచ్చినది? చాల జాతులకు వర్ణన యనదగినది లేదు. ప్రమాణ నమూనా ఫోటో ఒకటి, అది దొరికిన చోటు మొదలగు వివరములు, బోల్డ్ భాండాగారములోని సంఖ్య, దాని క్రింద ఆ జాతి నమూనాలన్నిటి బార్‌కోడ్ల నుండి తీసిన ఉమ్మడి వరుస. అంతే. పుట వెనుక పుట ఎ, సి, జి, టి యను నాలుగక్షరములే సైనికులవలె బారులు తీరి నిలుచున్నవి. రంగు నలుపా, పసుపా. ఈనెలు కలిసినవా, విడినవా యని తెలిసికొన గోరు పాఠకునికి ఫోటోయే శరణ్యము. కర్తలు ఈ పద్ధతికి అల్పవాదమనదగిన పేరొకటి పెట్టి, పీఠికలో సమర్థించుకొనిరి.

గ్రంథమునకు గల గుణములను ముందు చెప్పుట న్యాయము. పదునొకండు ఉపకుటుంబములకు, అమెరికా ఖండములలోని ప్రజాతులను గుర్తించుటకు వలయు పట్టికలను కర్తలు ఇచ్చిరి. అవి శ్రద్ధతో చేసినవి, ఉపయోగపడునవి. 219 జాతులకు, అవి ఏ గొంగళిపురుగు నుండి వెలువడినవో వ్రాసిరి. ఉష్ణమండలపు పరాన్నభుక్కుల విషయములో ఇంతటి సమాచారము ఒకచోట దొరకుట అరుదు. నమూనాలన్నియు భద్రముగ ఉన్నవి. జాతులు లక్షలు, పండితులు పదులు, అడవి కరగిపోవుచున్నదన్న వారి ఆవేదనను కాదనువారు లేరు. పాత పండితులు రెండు వాక్యముల లాటిన్ వర్ణనతో సరిపుచ్చి వదలిపెట్టిన పేర్లను విప్పలేక తరువాతివారు తల పట్టుకొన్న కథలు అనేకములు. వానితో పోల్చిన షార్కీ గ్రంథములోని బార్‌కోడ్ నిస్సందేహముగ మెరుగు.

అయినను ఆక్షేపణ చిన్నది కాదు. రుడాల్ఫ్ మెయర్, అమృతా శ్రీవత్సన్ మొదలగువారు 2022లో గ్రంథములోని అక్షరములనే తీసికొని తిరిగి లెక్కించిరి. బోల్డ్ భాండాగారములోని యంత్రము వరుసలను గుంపులుగా విడదీయును. మొదట నూటికి రెండుకు కొంచెము మించిన భేదమును, అనగా 658లో సుమారు పదునాలుగు పదునైదు అక్షరములను, హద్దుగా పెట్టుకొని, తరువాత సవరించుకొనును. గ్రంథములోని అట్టి గుంపులు 390; అందు 387 ఉన్నవి ఉన్నట్లే జాతులైపోయినవి. అనగా నూటికి తొంబదితొమ్మిదింటిలో యంత్రము చెప్పిన మాటకును పండితుడు చెప్పిన మాటకును భేదమే లేదు. ఇక పండితుడు చేసిన నిర్ణయ మేది? వేరు గణిత పద్ధతులతో గుంపులు విడదీసినప్పుడు వానిలో అనేకములు నిలువలేదని మెయర్ బృందము చూపెను. కొన్ని కలిసిపోయినవి, కొన్ని చీలినవి. మరియు ఆ యంత్రపు లెక్క బహిరంగమైనది కాదు. అందరికి తెలిసిన వరుసలతో పాటు ప్రకటింపని వరుసలను కూడ అది కలుపుకొనును. క్రొత్త వరుసలు చేరినకొలది గుంపుల హద్దులు జరుగవచ్చును. సంఖ్య మారిన నష్టము లేదు. లాటిన్ పేరు అట్లు మారరాదు.

జీవశాస్త్రము బోధించు ఉపాధ్యాయుడు ఇక్కడ ఆగి మైటోకాండ్రియాను తలచుకొనవలెను. అది తల్లి నుండి మాత్రమే సంక్రమించును. కనుక బార్‌కోడ్ చెప్పునది తల్లుల వంశావళి. జాతి చరిత్ర అంతకంటె పెద్దది. కీటకముల కణములలో వొల్బాకియా అను బాక్టీరియము కాపురముండుట కలదు. అదియును తల్లి నుండియే పిల్లలకు పోవును. అది ఒక సమూహములో వ్యాపించునపుడు తనతో ఉన్న మైటోకాండ్రియాను కూడ వెంట లాగుకొని పోవును. జాతులు సంకరమైన చోట ఒక దాని మైటోకాండ్రియా మరియొక దానిలోనికి చేరును. పక్షిగూళ్ళలో పిల్లల రక్తము త్రాగు ప్రొటోకాలిఫోరా ఈగలలో ఇట్టి కారణములచే అనేక జాతులను బార్‌కోడ్ విడదీయలేదని 2007లో తేలినది. తిరిగి, లేని జాతులను పుట్టించు మోసము కూడ కలదు. మైటోకాండ్రియా జన్యువు నకళ్ళు కొన్ని జంతువుల కేంద్రకములోనికి చేరి, పనిలేక పడియుండి, తమ దారిన తాము మారుచుండును. పరిశోధకుడు అసలును చదువబోయి నకలును చదువును. మిడతలలో ఈ నకళ్ళ వలన జాతుల సంఖ్య ఎంతగా పెరిగిపోవునో 2008లో ఒక బృందము చూపినది.

ఇక వర్ణన సంగతి. 1930 తరువాత ప్రకటించు పేరునకు, ఆ జాతిని ఇతరముల నుండి వేరుచేయు లక్షణములను మాటలలో తెలుపు వర్ణనగాని, నిర్వచనముగాని తోడుండవలెనని జంతు నామకరణ నియమావళి శాసించును. ఎ, సి, జి, టి లు మాటలగునా యన్నది న్యాయవాదుల తగవు. దానిని వారికే వదలవచ్చును. అసలు లోపము మరియొకటి. ఉమ్మడి వరుస 658 అక్షరములును ఇచ్చినదే గాని, వానిలో ఏ అక్షరము ఈ జాతిని పొరుగు జాతి నుండి వేరుచేయునో చెప్పలేదు. కవలలలో రాముడెవరో, లక్ష్మణుడెవరో ఎట్లు గుర్తింతుమని అడిగినవానికి ఇద్దరిని నఖశిఖపర్యంతము వర్ణించి చెప్పి, ఒకని చెవి మీద మచ్చ ఉన్నదను ఒక్క మాట చెప్పకుండుట వంటిది ఇది.

ఒక్క సాక్ష్యముతో జాతులను విడదీయక, అట్లని పని ఆపక, నడిచిన దారి ఎట్టిదో చూడగోరువారు భారతదేశము వైపు చూడవచ్చును. ఇచ్చటి పల్లెలలో మలేరియాను వ్యాపింపజేయు ప్రధానమైన దోమ అనాఫిలిస్ క్యూలిసిఫేసిస్. కంటికి అన్నియు ఒక్కటే. 1980లో క్రోమోసోముల పట్టీల అమరికను చూచి అందు రెండు జాతులున్నవని గుర్తించిరి. తరువాత పరిశోధనలలో అవి అయిదైనవి. క్రోమోసోములు, సంకరము జరుగుట జరుగకుండుట, మలేరియా క్రిమిని మోయు శక్తి, ఇన్ని తెలిసిన తరువాత కూడ వానికి ఎ, బి, సి, డి, ఇ అను అక్షరములే వ్యవహారములో నిలిచినవి. బి జాతికి మలేరియా వ్యాప్తిలో పాత్ర మిక్కిలి స్వల్పమనియు, రామేశ్వరపు దీవిలో గుర్తించిన ఇ జాతి మిక్కిలి ప్రమాదకరమైనదనియు తెలియుటకు లాటిన్ పేరు అవసరము కాలేదు. ఇంత తెలిసిన దోమలు అక్షరములతో కాలము గడపుచుండగా, 658 అక్షరములు తప్ప మరేమియు చెప్పని కందిరీగకు లాటిన్ పేరు తొందర ఏల? గుంపునకు సంఖ్య ఉన్నది గదా. ఆ సంఖ్యతోనే వ్యవహరించుచు, మిగిలిన సాక్ష్యము కూడిన నాడు పేరు పెట్టినచో కొంప మునుగదు.

వేగమునకును శ్రద్ధకును వైరమున్నదను మాట కూడ నిజము కాదు. అందుకు షార్కీయే సాక్షి. థాయిలాండు దేశపు అలెయోడెస్ అను కందిరీగలు కూడ ఇదే కుటుంబములోనివి. వానిలో 179 క్రొత్త జాతులను 2012లో ప్రకటించిన నలుగురిలో ఆయన ఒకరు. బార్‌కోడ్ల సాయముతోనే నమూనాలను విడదీసిరి. అయినను ప్రతి జాతికి సంగ్రహమైన వర్ణన వ్రాసిరి. మెయర్ మొదలగువారు తరువాత స్వీడను దేశపు సుమారు 18,000 చిన్న ఈగల విషయములో మరియొక దారి చూపిరి. అన్నిటి బార్‌కోడ్లను ముందు చదివి గుంపులు చేయుదురు. సందేహాస్పదములైన గుంపుల నుండి కొన్ని ఈగలను మాత్రము ఎంచి సూక్ష్మదర్శిని క్రింద పెట్టుదురు. అక్షరములును అవయవములును ఏకీభవించినచో జాతి నిలుచును. లేకున్న మరల వెదకుదురు. షార్కీ గ్రంథములో 219 జాతులకు ఆశ్రయమైన పురుగేదో తెలిసియుండెను. అంతటి సాక్ష్యము చేతిలో ఉన్నవారు దానిని జాతి నిర్ణయములో ముందుకు తేకుండుట ఈ గ్రంథములో అన్నిటికంటె ఆశ్చర్యము గొలుపు విషయము.

గోదావరి జిల్లాల కొబ్బరి రైతులకు కూడ ఈ తగవు దూరమైనది కాదు. కొబ్బరి ఆకును గీకి తిను నల్లతల గొంగళిపురుగు మీద బ్రాకన్ కందిరీగలను పెంచి తోటలలో వదలుదురు. ఇవి బ్రాకోనిడే కుటుంబములోనివే. 1836లో పేరు పొందిన బ్రాకన్ హెబెటర్, 1838లో పేరు పొందిన బ్రాకన్ బ్రెవికార్నిస్ రెండు జాతులా, ఒక్కటేనా యన్నది చిరకాలము తేలలేదు. 2019లో జపాన్ పరిశోధకులు మూడు జన్యువుల తునకలను చదివి రెండును వేరని నిర్ణయించిరి. ఆ మూడింటిలో బార్‌కోడ్ జన్యువు ఒకటి. మరియొకటి కేంద్రకములోనిది, అనగా తల్లిదండ్రు లిద్దరి నుండి వచ్చునది. పెంపకశాలలో ఒకటనుకొని మరియొకదానిని పెంచినచో ఆకు తెల్లబడిన తరువాత గాని రైతుకు సంగతి తెలియదు.

ఆ 403 పేర్లు నియమావళి ప్రకారము ఇక తుడిచివేయరానివి. తరువాత వచ్చు పరిశోధకుడు వానిని ఒక్కొక్కటిగా విచారింపవలెను. రెండు పేర్లు ఒక్క జాతివని తేలినచో ఒకటి నిలుచును, రెండవది పర్యాయముగ జాబితాలో ఉండిపోవును. ఒక పేరు క్రింద రెండు జాతులు బయటపడినచో ప్రమాణ నమూనా ఏ జాతిదో ఆ జాతికే పేరు చెందును. ఇంకొక పని కూడ కలదు. పీటర్ కామెరాన్ 19వ శతాబ్దము చివర మధ్య అమెరికా బ్రాకోనిడ్లను అనేకములను వర్ణించి ప్రకటించెను. ఆయన మాటలలో రంగులు, ఈనెలు, గీతలు ఉన్నవి. అక్షరముల వరుస లేదు. షార్కీ పుటలలో వరుస ఉన్నది. ఈనెల మాట లేదు. ఈ రెండింటిలో ఒకే కందిరీగ రెండు పేర్లతో ఉన్నదేమో తెలియవలెనన్నచో నూరేండ్లు దాటిన పాత నమూనా కాలు తుంచి డి.ఎన్.ఏ. చదువ ప్రయత్నింపవలెను, లేదా క్రొత్త నమూనాను సూక్ష్మదర్శిని క్రింద పెట్టి, 2021లో వ్రాయక విడిచిన వర్ణనను ఇప్పుడు కూర్చుండి వ్రాయవలెను.